గేటు ఎదుటి గ్యాస్ రాయి

నల్లగండ్ల నుంచి గోపన్‌పల్లి వైపు పోయే లోపలి రోడ్డు అంచున, కొంత దూరానికి ఒకటి చొప్పున, పసుపు రంగు సిమెంటు రాళ్లు పాతి ఉంటాయి. మోకాలి ఎత్తు ఉంటాయి. కింద గ్యాస్ పైపు ఉందనీ, తవ్వే ముందు ఫోన్ చేయమనీ వాటి మీద నల్ల అక్షరాలతో రాసి, ఒక నంబరు వేశారు. అక్కడి వాళ్లు వాటిని గ్యాస్ రాళ్లంటారు. మా అపార్ట్‌మెంటు ముందూ ఒకటి ఉంది. నేను ఆ ఇంట్లో కిరాయికి దిగేనాటికి అది ఉండాల్సిన చోట లేదు.

ఈ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. అయినా ముందే చెప్పేస్తాను. పత్రికలో ఉన్నన్నాళ్లూ అసలు విషయం మొదట్లోనే చెప్పమని కుర్ర విలేకరులకు చెప్పి చెప్పి, దాచిపెట్టి చివర్లో విప్పే విద్య నాకు అబ్బలేదు.

నేను రాకముందు ఆ భవనానికి కాలం కలిసిరాలేదట. కొన్ని ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పోయాయి. ఒకాయన లిఫ్టు ముందే గుండె పట్టుకుని కూలబడిపోయాడు. అమ్మకానికి పెట్టిన ఫ్లాటు చూడటానికి వచ్చినవాళ్లు గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసి, మళ్లీ వస్తామని వెళ్లిపోయేవారట. చివరికి వాస్తు చూసే ఆయన్ని పిలిపించారు. ఆయన గేట్లో నిలబడి, సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతలి అంచున ఉన్న పసుపు రాయిని చూపించాడు. స్తంభవేధ అన్నాడు. ద్వారానికి ఎదురుగా స్తంభం ఉంటే లోపలికి రావలసిన మేలు దానికి తగిలి ఆగిపోతుందని చెప్పాడు.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు గోదావరి జిల్లాల వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. మెట్ల మీద బల్బు పోతే తానే కొనుక్కొచ్చి వేసే రకం. రాయిని పీకి పారేయాలని ఆయన అనుకోలేదు. కాస్త పక్కకు, గేటు హద్దు దాటాక, కొత్త గుంట తీయించి పాతించాడు. గుంట తీసింది మా సెక్యూరిటీ గార్డు. రాయికి కొబ్బరికాయ కొట్టారు. వెలిసిపోయిన పసుపు రంగు మీద కొత్త రంగు వేయించారు. అందుకే ఆ రోడ్డు మొత్తంలో చూడగానే నమ్మబుద్ధేసే రాయి అదొక్కటే.

తర్వాత జరిగినవన్నీ ఆ రాయి మాట విన్నవాళ్లకే జరిగాయి.

మొదట విన్నది ఇస్త్రీ అక్క. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. నలభై దాటి ఉంటాయి. అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. నాలుగు చక్రాల బండి, పైన నీలం పట్టా, బొగ్గులు వేసే పాతకాలపు ఇత్తడి ఇస్త్రీ పెట్టె. రోడ్డు అవతలి అంచునే, గేటుకు కొంచెం ఎడంగా, వేపమొక్క పక్కన ఆమె బండి ఉండేది. గ్యాస్ లైను వెంట నడుచుకుంటూ పోయి చూసుకునే మనిషి ఒకడు అప్పుడప్పుడూ వచ్చేవాడు. రాయి దగ్గర నిప్పు పెట్టొద్దని ఆమెకు గట్టిగా చెప్పాడు. ఆమె ఆ మాట తప్పలేదు. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే రాయి వేపమొక్క పక్కకే వచ్చి ఉంది.

"రాయి నా దగ్గరికి నడిచొచ్చె సార్," అని తర్వాతెప్పుడో నాతో అంది. "అది జరిగినంక నేను గూడ జరగాలె కద. గేటు ముంగట జాగ ఖాళీ అయింది. ఆడికే పోయిన."

అలా ఆమె, నిప్పును రాయికి దూరంగా ఉంచాలనే, సరిగ్గా పైపు మీదికి వెళ్లి నిలబడింది.

గేటుకు ఎదురుగా బండి ఉంటే పరవాలేదా అని ప్రెసిడెంటును ఎవరో అడిగారట. ఆయన ముందే కనుక్కున్నాడు. "చక్రాల మీద ఉండేది కదండీ. కదిలేదానికి వేధ లేదు," అన్నాడట.

రెండోసారి రాయి మాట విన్నది ఇంటర్నెట్ కేబులు వేసే కూలీలు. నేను దిగిన కొత్తలో వచ్చారు. చిన్న తవ్వకం మిషను తెచ్చారు. వాళ్లలో ఒకడు రాయిని చూసి, చేత్తో దూరం చూపించి, దానికి ఎడంగా తవ్వమని మిషను నడిపేవాడికి చెప్పడం నేను బాల్కనీలోంచి చూశాను. జాగ్రత్త గల మనిషే అనుకున్నాను. మిషను పళ్లు ఒకచోట దేనికో తగిలి కిర్రుమన్నాయి. రాయి తగిలిందనుకున్నారు. ఇక్కడ భూమిలో ఎక్కడ తవ్వినా బండరాయే. ఆ చోటు వదిలేసి ఇంకొంచెం పక్కన తవ్వారు. కేబులు వేసి, మట్టి కప్పి, సాయంత్రానికి వెళ్లిపోయారు. ఇస్త్రీ అక్క మర్నాడు బండిని తోసుకొచ్చి ఆ కొత్త మట్టి మీదే చదునుగా నిలబెట్టుకుంది.

ఆ తర్వాత చాలా రోజులు ఏమీ జరగలేదు.

వానలు మొదలయ్యాక మొదట గడ్డి తేడాగా కనిపించింది. రోడ్డు పక్కన అంతా పచ్చబడింది. బండి కింద, బండికి అటూ ఇటూ, ఒక చారలాగా ఉన్నంతమేర మాత్రం గడ్డి మొలవలేదు. మొలిచిన పోచలు పసుపుపచ్చగా మారి పడుకున్నాయి. బొగ్గుల వేడికేమో అనుకున్నాను. కానీ చార బండి దగ్గర ఆగలేదు. పెట్టె వేడి తగలని చోటికి కూడా సాగింది. ఆ బండి కిందే పడుకునే ఒక గోధుమరంగు కుక్క ఉండేది. వానలో తడుస్తూ అవతల ఆగిన కారు కింద పడుకోవడం మొదలుపెట్టింది. పిలిచినా బండి కిందికి రాలేదు. బిస్కెట్ వేస్తే మెడ చాచి అందుకుని వెనక్కి పోయేది.

తర్వాత వాసన. కుళ్లిన కోడిగుడ్డు వాసన లాంటిది. రోజంతా ఉండేది కాదు. గాలి పడిపోయినప్పుడు ముక్కుకు తగిలేది, తల తిప్పేలోగా పోయేది. ఈ ఊళ్లో అలాంటి వాసనకు జనం ముక్కు మూసుకుంటారే తప్ప కారణం వెతకరు. కొత్తగూడ నుంచి ఇక్కడిదాకా ఎక్కడ నిలబడ్డా ఏదో ఒక మురుగు మోరీ ఉండనే ఉంది. మా అపార్ట్‌మెంటు వాట్సాప్‌లో డ్రైనేజీ గురించి రోజూ రాసేవారు. మనుషులొచ్చి మూతలెత్తి చూసి, బాగానే ఉందని వెళ్లిపోయారు. వాసన మాత్రం పోలేదు.

ఇస్త్రీ అక్క అగరుబత్తీలు వెలిగించడం మొదలుపెట్టింది. బండి కొయ్యకు ఒక కన్నం ఉంటే అందులో గుచ్చేది. ఒకరోజు పొద్దున నేను బట్టలిచ్చేటప్పుడు గార్డు గేటు దగ్గరి నుంచే ఆమెను ఆట పట్టిస్తున్నాడు. అతనిదీ పాలమూరు వైపే.

"ఏందక్కా, దినాం అగరుబత్తీలే. ఇస్త్రీ చేస్తున్నవా, పూజ చేస్తున్నవా?"

"మీ మోరి వాసనకే అన్నా. మీ అపార్ట్‌మెంటోళ్లు తిన్నదంతా ఈడికే వస్తది."

"మా సార్లు తినేది పిజ్జాలు. పిజ్జా గిట్ల వాసన రాదు."

"గట్లనా? ఎన్ని తిన్నవేంది నువ్వు?"

"డబ్బాలు పారేస్త గద. డబ్బా వాసన తెల్వదా."

ఆమె నవ్వింది. పెట్టె మూత తెరిచి విసనకర్రతో విసిరింది. బొగ్గులు ఎర్రగా మెరిశాయి. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ పొద్దును తలచుకుంటే నాకు ఆమె నవ్వు కన్నా ముందు ఆ ఎరుపే కనిపిస్తుంది.

మా ఇంట్లో వంటకు పైపు గ్యాసే. ఒక సాయంత్రం మా ఆవిడ వంటింట్లో నిలబడి స్టవ్ మూసింది. గోడ దగ్గరి మరను కూడా తిప్పి మూసింది. కిటికీలన్నీ తెరిచింది. అయినా వాసన వస్తోందంది. నాకు రాలేదు. కాసేపటికి పడకగదిలోంచి పిలిచింది. అలమారా తలుపు తీసి నిలబడి ఉంది.

"ఇక్కడ వస్తోంది. వంటింట్లో కాదు."

ఇస్త్రీ చేసి తెచ్చిన బట్టల కట్ట అప్పుడే అందులో పెట్టింది. ఒక చొక్కా తీసి నాకిచ్చింది. ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే మడతల్లో ఉంది ఆ వాసన. అగరుబత్తి వాసన కింద పలచగా ఉంది. డ్రైనేజీ వాసన నాకు తెలుసు. ఇది స్టవ్ మర సరిగా మూయనప్పుడు వచ్చే వాసన. మూసిన స్టవ్, తెరిచిన కిటికీలు, అలమారాలో చొక్కాలు. ఆ ఇంట్లో గ్యాసు ఎక్కడా కారడం లేదు. అది బట్టలతో పాటు మెట్లెక్కి పైకి వచ్చింది.

మర్నాడు తెల్లవారేదాకా వాన కురిసింది. తెరిపివ్వగానే నేను కిందికి దిగాను. ఇస్త్రీ అక్క అప్పటికే పట్టా దులుపుతోంది. బండి చక్రాల పక్కన మట్టి కుంగి నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లను చూస్తూ నేను నడక ఆపేశాను.

వాన ఆగిపోయింది. రోడ్డు మీది గుంటల్లో నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఆ ఒక్క గుంటలో మాత్రం ఇంకా చినుకులు పడుతూనే ఉన్నాయి. చిన్న చిన్న వలయాలు లేచి ఒకదాన్నొకటి తాకుతున్నాయి. నేను చెయ్యి చాచి చూశాను. చేతి మీద ఒక్క చుక్క కూడా పడలేదు. అప్పుడు వంగి చూశాను. బుడగలు. కింది నుంచి ఒకే వరసలో వస్తున్నాయి. నీళ్లు చల్లగా ఉండి, మరుగుతున్నట్టు ఉన్నాయి. చెవి పెడితే సన్నగా, నిద్రలో ఎవరో పళ్ల సందునుంచి ఊపిరి వదులుతున్నట్టు ఒక చప్పుడు.

బండి మీద పెట్టెలో బొగ్గులు అప్పటికే రాజుకున్నాయి. పక్కన అగరుబత్తి పొగ.

"అక్కా, ఇవాళ ఇస్త్రీ వద్దు. ఇక్కడ కింద గ్యాసు వస్తోంది," అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. పట్టా దులుపుతూనే ఉంది. "గ్యాస్ రాయి గాడుంది సార్. ఈడేం లేదు."

"వాసన నీకు రావడం లేదా?"

"మోరి వాసన. దినాం వస్తది." గొంతు తగ్గించింది. "ప్రెసిడెంట్ సారు చెప్పమన్నడా? గేటు ముంగటికెల్లి లేపాలని ఉంటె సక్కగ చెప్పుండ్రి. పోత. గ్యాస్ గీస్ అనుకుంట భయపెట్టుడు ఎందుకు?"

ఆమె భయం గ్యాసుకు కాదని అప్పుడు అర్థమైంది. ఆ చోటు పోతే ఆమెకు మరో గేటు లేదు. చుట్టుపక్కల ప్రతి గేటు ముందూ ఇదివరకే ఎవరో ఒకరు ఉన్నారు. వాళ్లు కొత్త బండిని రానివ్వరు. నేనేం చెప్పినా ఆమెకు అదొక్కటే వినిపిస్తుంది. ఆ సమయానికి స్కూలు వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. ఇంజను నడుస్తూనే ఉంది.

నేను గుంట చూపించాను. ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నేనడగని మాట చెప్పింది.

"మొన్న పెట్టెలకెల్లి నిప్పు కింద పడ్డది సార్. పడ్డకాడ ఏం కాలే. జర పక్కకు మంట లేచింది. నీలిది. వేలంత. ఊగలే, నిలబడ్డది. నన్ను చూసుకుంట నిలబడ్డట్టు. మట్టి కప్పిన. పోయింది అనుకున్న. ఇంకింత అవతలకు లేచింది. మళ్ల కప్పిన."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవలకు చెప్త? చెప్తె లేపుతరు." ఆమె బండి కిందికి చూపించింది. మూడు నిమ్మకాయ ముక్కలు, పసుపు, కుంకుమ తడిసి మట్టిలో కలిసి ఉన్నాయి. "ఆ జాగకు ఏమన్న అయి ఉంటది అనుకున్న. దిగదుడిచి పెట్టిన."

గార్డు అప్పటికి దగ్గరికి వచ్చాడు. వెలిసిన నిమ్మకాయల్నీ, బుడగల్నీ, పక్కకు జరిగిన రాయినీ వరసగా చూశాడు. ఆ రాయి కోసం గుంట తీసిన చేతులు అతనివే. నాకు అప్పటికి ఆ సంగతి తెలియదు.

"అక్కా, నీళ్లు పోద్దాం పెట్టెల," అన్నాడు మెల్లగా.

"నీళ్లు పోస్తె నిప్పు ఎగురుతది. ఊకో." ఆమె పెట్టె మూత దించి కొక్కెం బిగించింది. అగరుబత్తి పొగ గేటు వైపు, భవనం వైపు వంగి పోతోంది. ఆమె దాన్ని ఒకసారి చూసి, రెండు వేళ్లతో నలిపి ఆర్పింది. పొగ పోయే వైపు కాకుండా పై మలుపు వైపు తిరిగి, రెండు చేతులా పెట్టె పిడి పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

పరుగెత్తలేదు. పెట్టె ఊగితే నిప్పు రాలుతుందని ఆమెకు తెలుసు. నిండు బిందె మోస్తున్నట్టు, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ పోయింది. పెట్టె పక్కల కన్నాల్లోంచి ఎరుపు కనిపిస్తూనే ఉంది. ఆ ఎరుపు ఆ చచ్చిన గడ్డి చార పొడవునా కదిలి, దాన్ని దాటి, తడి రోడ్డు మీదికి వెళ్లింది. గార్డు వ్యాను డ్రైవరు దగ్గరికి పోయి, ఇంజను ఆపి పిల్లల్ని నడిపించుకుపొమ్మని చెప్పాడు. ఆమె మలుపు తిరిగాక నేనూ అక్కడి నుంచి కదిలాను.

బండికి బాగా దూరం వెళ్లాకే ఫోను తీశాను. నంబరు కోసం పై మలుపు దగ్గరున్న మరో రాయి దాకా నడిచాను. అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూస్తే, రాళ్లన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. మా రాయి ఒక్కటే ఆ గీతకు తప్పి నిలబడి ఉంది. పైపు అక్కడ వంపు తిరిగిందేమో అనుకున్నాను.

గ్యాసు వాళ్లు త్వరగానే వచ్చారు. నెత్తిన హెల్మెట్లు, చేతిలో గ్యాసు పసిగట్టే మీటరు. నేరుగా రాయి దగ్గరికి వెళ్లారు. ఇనుప చువ్వతో భూమిలో కన్నాలు పొడిచి, ఒక్కో కన్నంలో మీటరు గొట్టం పెట్టి చూశారు. మీటరు పలకలేదు. ఇంకో కన్నం. పలకలేదు. వాళ్ల పెద్ద తల అడ్డంగా ఊపాడు.

"లైను మీద ఏం లేదు సార్. మోరీ గ్యాసు కూడ బుడగలు తెస్తది."

గేటు లోపల ప్రెసిడెంటు నిలబడి ఉన్నాడు. నడకకు బయలుదేరిన బూట్లు, మంకీ క్యాపు. గార్డు ఆయన వైపు చూడకుండా నేల చూస్తున్నాడు. తాను చెప్తే ఉద్యోగం పోతుంది. ఆయన చెప్తే పరువు పోతుంది. ఇద్దరూ చెప్పకపోతే ఆ మనుషులు చువ్వ సర్దుకుని వెళ్లిపోతారు. ఇస్త్రీ అక్క మలుపు దగ్గర పెట్టెను రాతి మీద పెట్టి, మళ్లీ తెచ్చుకోవచ్చని ఎవరైనా చెప్తారేమోనని చూస్తూ నిలబడి ఉంది.

ప్రెసిడెంటు టోపీ తీసి చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు.

"పైపు దాని కింద లేదండి," అన్నాడు. "ఆ రాయిని మేమే జరిపించాం. గేటుకి ఎదురుగా ఉండేదండి. ఆ బండి ఉన్నచోట."

ఆ పెద్ద అటు రాయినీ ఇటు రాయినీ చూసి, కళ్లతోనే ఒక గీత గీసుకున్నాడు. గీత బండి కిందుగా వెళ్లింది. మీటరు పట్టుకుని అటు నడిచాడు. బండికి ఇంకా కొన్ని అడుగుల దూరం ఉండగానే మీటరు కూయడం మొదలుపెట్టింది. ఆ కూత ఆగలేదు.

ఆ తర్వాత గంట నాకు కలలా గుర్తుంది. కాలింగ్ బెల్ నొక్కొద్దు, లైట్లు వేయొద్దు, ఆర్పొద్దు, లిఫ్టు ఎక్కొద్దు, బండ్లు తీయొద్దు అన్నారు. గార్డు మెట్లెక్కి ప్రతి తలుపూ గుప్పిటతో తట్టాడు. ఎప్పుడూ బెల్లు వినే ఇళ్లలో ఆ తట్టుడుకు జనం తలుపు తీయడానికి జంకారట. నిద్రమొహాలతో, చంకలో లాప్‌టాపులతో, పిల్లల్ని ఎత్తుకుని, వెనకవైపు చిన్న గేటులోంచి నిశ్శబ్దంగా దిగి వచ్చారు. గోపన్‌పల్లి వైపు రోడ్డు పొడవునా అరుగుల మీదా రాళ్ల మీదా కూర్చున్నారు. కొందరు అక్కడి నుంచే ఆఫీసు మీటింగులో ఉన్నారు. తలలూపుతున్నారు, నవ్వుతున్నారు. వాళ్ల వెనక ఖాళీ భవనం. ఒక ఇంట్లో ఎవరో ఆర్పకుండా వదిలేసిన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

గ్యాసు వాళ్ల పెద్ద ఇస్త్రీ అక్క దగ్గరికి వచ్చి మందలించాడు. "నిప్పు పట్టుకుని నడిచినవంట. ఇంకోసారి గిట్ల చెయ్యకు. అన్నీ ఆడనే ఇడిచిపెట్టి దూరం పోవాలె. పోయినంక ఫోన్ చెయ్యాలె."

"ఇడిచిపెడితె అంటుకోదా సారు?"

"అంటుకున్నా నువ్వు ఉండవు గద ఆడ."

ఆమె భవనం వైపు చూపించింది. "నేనుండ. బిల్డింగుల పిల్లలుంటరు కద," అంది.

వాల్వు మూసి, చేతి పారలతో మెల్లగా తవ్వారు. మధ్యాహ్నం దాటాక పైపు బయటపడింది. మమ్మల్ని దూరం నుంచి చూడనిచ్చారు. చుట్టూ మట్టి వానాకాలంలో కూడా ఎండి బూడిదరంగుకు తిరిగి ఉంది. పైపు మీద మిషను పన్ను గీసిన గాటు ఒకటి. గోటితో గీరినంత. దాని చివర సన్నటి నెర్రె. పైన మట్టి అంచున బండి చక్రాల జాడలు అలాగే ఉన్నాయి. ఇస్త్రీ అక్క తొంగి చూసి తన చెయ్యి చూసుకుంది. పైపు ఆమె మోచేతి కన్నా లావు లేదు.

"ఇంతేనా?" అంది.

రాయిని మళ్లీ దాని చోటికి తెచ్చి, గేటుకు సరిగ్గా ఎదురుగా, ఈసారి లోతుగా పాతారు. ప్రెసిడెంటు దగ్గరుండి చూశాడు. కాయితాల మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. గార్డు పేరు ఎక్కడా రానివ్వలేదు. వేధ మాట మళ్లీ ఎత్తలేదు. గేటు లోపల ఒక పెద్ద పూలకుండీ మాత్రం తెచ్చి పెట్టించాడు.

పైపు పొడవునా రెండు వైపులా నిప్పు పెట్టకూడదని తాడు కట్టి వెళ్లారు. వేపమొక్క చోటు కూడా ఆ తాడు లోపలికే వచ్చింది. ఇస్త్రీ అక్క బండిని తోసుకుని వెళ్లింది. ఆ వారం భవనంలో సగం మంది నలిగిన చొక్కాలతోనే తిరిగారు. ఆమె పక్క వీధుల్లో చోటు అడుగుతోందనీ, ఎవరూ ఇవ్వలేదనీ గార్డు చెప్పాడు.

ఒక సాయంత్రం ప్రెసిడెంటు ఆమెను పిలిపించాడు. సెల్లారులో, లిఫ్టు వెనక, సామాన్లు పెట్టే చిన్న చోటు ఉంది. కరెంటు పాయింటు కూడా ఉంది. అక్కడ కరెంటు పెట్టెతో చేసుకోమన్నాడు. కిరాయి అక్కర్లేదు. వానా ఎండా లేవు. నన్నూ రమ్మన్నాడు. ఆమె నా మాట వింటుందని ఆయన అనుకున్నాడేమో.

గార్డుతో కలిపి నలుగురం ర్యాంపు దిగాము. ట్యూబులైటు వెలుగులో కార్లు వరసగా ఉన్నాయి. ఆమె తలమీద బట్టల మూటతో మధ్యలో నిలబడింది. గోడలు చూడలేదు, కరెంటు పాయింటు చూడలేదు. ముక్కు ఎగబీల్చింది. తర్వాత తల ఎత్తింది. పైకప్పు వెంట పసుపు రంగు గొట్టం ఒకటి స్తంభం నుంచి స్తంభానికి పోతోంది. మలుపుల దగ్గర సన్న కొమ్మలుగా విడిపోయి గోడల్లోకి దూరుతోంది.

"గదేనా?" అని గార్డును అడిగింది.

"గదే. ఇండ్లల్లకు పొయ్యేది."

"దాన్ని ఎవలు చూస్తరు?"

గార్డు ప్రెసిడెంటు వైపు చూశాడు.

"ఇది బాగానే ఉందమ్మా," అన్నాడాయన. "ఏటా చూసి వెళ్తారు. ఇక్కడ నిప్పు కూడా ఉండదు కదా. ఏం భయం లేదు."

"రోడ్డు మీద గూడ ఏం లేదనే అన్నరు సార్." ఆమె గొంతులో కోపం లేదు. "నాకు మీ మీద నమ్మకం లేక కాదు. నేను రాయిని చూసి జరిగిన. ఆ కేబులోళ్లు రాయిని చూసి తవ్విండ్రు. అందరం మంచిగనే చేసినం. ఇగ నేను దేన్ని చూసి నిలబడాలె? గా గొట్టం కింద లేని జాగ, పైన లేని జాగ, యాడన్న ఒక్కటి చూపియ్యుండ్రి. ఆడ పెట్టుకుంట. ఎండల ఉన్నా సరే."

ప్రెసిడెంటు ఫోను తీసి మ్యాపు తెరిచాడు. మా వీధి కనిపించింది. పెద్దది చేశాడు. ఎదుటి టిఫిన్ సెంటరు, మెడికల్ షాపు, ఐటీ కంపెనీల టవర్లు, బస్సు ఆగే చోట్లు, గోపన్‌పల్లి దాకా ప్రతి సందూ పేరుతో సహా ఉంది. చిన్నది చేశాడు. మళ్లీ పెద్దది చేశాడు. వేలితో అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాడు. మేం ముగ్గురం ఆ వెలుగులోకి వంగి చూశాం. భూమి మీద ఉన్నవన్నీ అందులో ఉన్నాయి. గ్యాస్ గొట్టం జాడ లేదు.

ఆమె మూటను తలమీద సరిచేసుకుంది.

"దొరికితె చెప్పుండ్రి సార్. పైన ఉంట," అని ర్యాంపు ఎక్కి వెళ్లిపోయింది.